చలికాలంలో పాము పట్టే కిట్: డెల్టాకు ఏది పనికొస్తుంది, ఏది దండగ

మాసూళ్లయి గడ్డిమేట్లు లేచేసరికి పాము పట్టే కిట్ల గురించి అడిగేవాళ్లు ఎక్కువవుతారు. రొయ్యల చెరువు మకాంకి ఒకటి, కొబ్బరి గోడౌన్‌కి ఒకటి, ఊళ్లో పాము కనబడిందంటే పరిగెత్తే కుర్రాళ్లకి ఒకటి. ఆన్‌లైన్‌లో ఏ పేరుతో అమ్మినా లోపల సామాను ఇంచుమించు ఒకటే: నాలుగడుగుల టాంగ్ (పిడి నొక్కితే కొసన దవడలు మూసుకునే పొడుగాటి పట్టకారు), హుక్, గొట్టం తొడిగిన సంచి, గమ్‌బూట్లు, టార్చి, కాటు పడితే వాడమని ఇచ్చే చిన్న డబ్బా. వీటిని డిసెంబరు, జనవరి నెలల్లో మన గోదావరి డెల్టాలో వాడితే ఎలా పనిచేస్తాయన్నదే ఇక్కడ చూసింది. ముందే చెప్పేస్తే, గొట్టం-సంచి, హుక్, బూట్లు, టార్చి డబ్బు పెట్టదగ్గవి. టాంగ్ ఈ కాలంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడాల్సిన వస్తువు. కాటు డబ్బా అసలు కొనకూడదు.

కిట్ చేతికొచ్చినంత మాత్రాన పాము పట్టడం రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పామును చంపడమూ, అనుమతి లేకుండా పట్టి ఉంచుకోవడమూ నేరం. శిక్షణ, అటవీ శాఖ అనుమతి ఉన్నవాళ్ల కోసమూ, వాళ్లు వచ్చేదాకా పామును దూరం నుంచి కనిపెట్టుకుని ఉండాల్సిన ఇంటివాళ్ల కోసమూ ఈ వివరాలు.

మన ధనుర్మాసపు తెల్లవారుజాము మామూలుగా 18, 20 డిగ్రీలు. బాగా చలిగా ఉన్న రోజు 15 దగ్గరికి దిగుతుంది. పాము ఒంటికి సొంత వేడి ఉండదు గనుక ఆ చలికి కండరం మందగిస్తుంది, తిన్నది అరగదు, తిరిగే వేళ మారుతుంది. అంతేగానీ చావదు, నెలల తరబడి నిద్రపోదు. రాత్రంతా ఎలుక బొరియలోనో కొబ్బరి డొక్కల రాశి కిందో ముడుచుకుని, పొద్దెక్కాక ఎనిమిదింటి నుంచి పదకొండు దాకా చేలగట్టు మీదికి, కాలువ గట్టుకు పేర్చిన రివిట్‌మెంట్ రాళ్ల మీదికి, సిమెంటు కళ్లం అంచుకి వస్తుంది. సాయంత్రం కాగిన తారురోడ్డు మీద పడుకుంటుంది. రక్తపింజర జతకట్టేది కూడా ఎక్కువగా ఈ చలి నెలల్లోనే. మగపాములు తోడు వెతుక్కుంటూ తిరిగే రోజులూ, మనం పనల కింద చెయ్యి పెట్టే రోజులూ ఒకటే అవుతాయి. ‘చలికి పాములు బయటికి రావు’ అనే మాట డెల్టాలో పట్టుకోవడానికి లేదు.

చలి పామును ఎంతవరకు ఆపుతుందో పెద్ద ఎత్తున తేలింది అమెరికాలోని ఫ్లోరిడాలో. పెంపుడు జంతువుల వ్యాపారంతో ఆసియా నుంచి వెళ్లిన బర్మా కొండచిలువ అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో పాతుకుపోయింది. 2010 జనవరిలో దక్షిణ ఫ్లోరిడాను అసాధారణమైన చలి రోజుల తరబడి పట్టుకుంది. రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి గమనిస్తున్న 10 కొండచిలువల్లో 9 చచ్చిపోయాయి. ఇక పీడ విరగడవుతుందని ఆశపడ్డవాళ్లున్నారు, కాలేదు. బొరియల్లాంటి చలి తగలని చోటు దొరికినవి బతికాయి. ఎండ కోసమని చలిగాలిలోకి వచ్చి పడుకున్నవి పోయాయి. బతికినవాటితో సంతతి మళ్లీ పెరిగింది. ఆ చలికి ముందున్న పాములకూ తర్వాతి పాములకూ జన్యువుల్లోనే తేడా ఉందని 2018లో ఒక పరిశోధన చెప్పింది. అదే ఏడు మరో పరిశోధన, ఆ గుంపులో కొన్నిటికి మన ఇండియన్ కొండచిలువ వారసత్వం కూడా ఉందని తేల్చింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ అభయారణ్యంలో ముళ్లపంది బొరియల్లో చలికాలం గడిపి, పగలు ఎండకు బయటపడే జాతి అదే. వరదల తర్వాత మన లంకల్లో కనిపించేదీ అదే.

కిట్ కొనేవాడికి ఇందులో రెండు పనికొచ్చే సంగతులున్నాయి. చలిలో పాము ప్రాణం దాని దాపు మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి దాన్ని ఎప్పుడు తీసి ఎక్కడ వదులుతామన్నది ముఖ్యం. రెండోది, కిట్ల ప్రకటనల్లో చూపించే ఫ్లోరిడా వీడియోల్లో ఒట్టి చేతులతో పట్టేది విషం లేని కొండచిలువను. తాచు దగ్గర, కట్లపాము దగ్గర ఆ పద్ధతి చావుకే.

ఇక సామాను. కిట్‌లో అన్నిటికన్నా విలువైనది గొట్టం-సంచి, అమ్మేవాళ్లు అన్నిటికన్నా నాసిగా ఇచ్చేదీ అదే. గొట్టం అడుగు పొడుగే ఉంటుంది, అంటే చెయ్యి పాము తలకు అడుగు దూరంలో ఉన్నట్టు. సంచి నైలాన్‌ది, గాలి ఆడదు, మంచుకు తడిసిందంటే లోపల ఉక్కపోత. దీన్ని ఊళ్లోనే చేయించుకోవడం మేలు. 75 మిల్లీమీటర్ల పీవీసీ డ్రైనేజీ పైపు రెండడుగులు కోయించండి. తాచుకి, జెర్రిపోతుకి, రక్తపింజరకి అది సరిపోతుంది. కట్లపాముకి 50 మిల్లీమీటర్లది ఇంకోటి ఉంచుకోవాలి, గొట్టం వెడల్పైతే అది లోపలే తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. కోసిన అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్ది, లోపలి గోడను మాత్రం కాస్త గరుకు చెయ్యాలి. నున్నటి పీవీసీ మీద పాము పొట్టకు పట్టు దొరకదు. సంచికి మందపాటి నల్ల కాటన్ గుడ్డ, నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. రెండు వరసల కుట్టు వేయించి, కుట్టు అంచు బయటికి ఉండేలా తిప్పమని టైలరుకి చెప్పండి. లోపలుంటే ఊడిన దారం పాము మెడకు చుట్టుకుంటుంది.

వాడకంలో చలికాలానికి తేడా ఓపిక. గొట్టం మూతిని గోడవారగా, పాము తల ఎటుంటే అటు పెట్టి, చుట్టూ గోనెసంచి కప్పి చీకటి చేస్తే, ఎండాకాలంలో దాపు కోసం అదే గబుక్కున దూరుతుంది. తెల్లవారుజామున అదే పాము పావుగంట కదలకపోవచ్చు. అక్కడే జనం కంగారుపడి పొడుస్తారు. కదల్లేని పాము పారిపోదు, చుట్టచుట్టుకుని కాటుకు సిద్ధమవుతుంది. పిల్లల్నీ పశువుల్నీ అటు పోనివ్వకుండా ఆపగలిగితే, తొమ్మిది దాకా ఆగి ఎండ తగిలాక మొదలుపెట్టడం అందరికీ మంచిది. లేదంటే హుక్ వెనకభాగంతో తోక దగ్గర మెల్లగా తాకిస్తూ కూర్చోవాలి. దూరాక సంచి మెడను హుక్ కడ్డీతో నేలకు అదిమి, పాము కింది వైపునే ఉందని చూసుకుని, గొట్టం తీసి, మెలి తిప్పి ముడి వెయ్యాలి. సంచిని కాలికి ఆనించి నడవకూడదు. రక్తపింజర కోర గుడ్డలోంచి దిగుతుంది.

సంచిని బకెట్లో పెట్టడం ఏ కిట్టూ చెప్పదు. 20 లీటర్ల పెయింటు డబ్బా బాగా కడిగి, మూతకు నాలుగు మిల్లీమీటర్ల కన్నాలు లోపలినుంచి బయటికి వేయించండి. అప్పుడు డ్రిల్లు లేపిన పెచ్చులు బయట ఉంటాయి, పాము ముట్టె గీసుకుపోదు. రాత్రి ఆ డబ్బాని సిమెంటు గచ్చు మీద పెట్టవద్దు, కింద చెక్కపలక వెయ్యండి. వెచ్చదనం కోసమని బల్బు కింద పెట్టడం అంతకన్నా తప్పు, వేడెక్కితే పాముకి డబ్బాలోంచి తప్పుకునే వీలుండదు. పొట్ట ఉబ్బి ఉన్న పామునైతే ఎంత తక్కువ కదిపితే అంత మంచిది. చలిలో మింగిన ఎలుక అరగక పొట్టలోనే కుళ్లుతుంది, కుదిపితే కక్కేస్తుంది.

వదలడం సూర్యాస్తమయం వేళ వద్దు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు, పట్టిన చోటికి వీలైనంత దగ్గర్లో, బొరియలూ పొదలూ ఉన్న గట్టున. తెలియని చోట చీకటి పడేవేళ వదిలిన పాముకి దాపు వెతుక్కునే వేడి ఒంట్లో ఉండదు.

హుక్ విషయానికొస్తే, మడిచేవి, సాగదీసేవి కొనకండి. బరువైన జెర్రిపోతు ఎక్కగానే కీలు దగ్గర గిర్రున తిరుగుతాయి. ఒకే ముక్కగా ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ, మూడున్నర నుంచి నాలుగడుగులు, కొన మొద్దుగా ఉండాలి. చలి పొద్దున రక్తపింజరను నేలనుంచి ఎత్తి గొట్టం ముందుకు చేర్చడానికి దీన్ని మించింది లేదు, ఆ వేళ అది ఎక్కువగా గింజుకోదు.

ఆ గింజుకోకపోవడమే టాంగ్‌తో చిక్కు. ఎండాకాలం పాము పెనుగులాడుతుంది గనుక ఎంత నొక్కుతున్నామో చేతికి తెలుస్తుంది. చలిలో తాడులా వేలాడుతుంటే పట్టు చాల్లేదనుకుని ఇంకా బిగిస్తారు, పక్కటెముకలు విరుగుతాయి. అలాంటి పామును వదిలినా కొన్నాళ్లకు చస్తుంది, ఎవరికీ తెలియదు. కొన్న రోజే ఒక పరీక్ష చెయ్యండి. బాగా ముగ్గిన చక్కెరకేళి అరటిపండును దవడల మధ్య పెట్టి పిడి పూర్తిగా నొక్కండి. తొక్క చిట్లిందంటే ఆ టాంగ్ వాపసు. దవడలకు పళ్లున్నవి చూడనే వద్దు, వెడల్పుగా రబ్బరు తొడుగు ఉన్నదే తీసుకోవాలి. పట్టేది శరీరం మధ్యభాగాన్ని, మెడను కాదు, బరువును మాత్రం హుక్ మొయ్యాలి.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పిడిలోపలి తీగ త్వరగా తుప్పు పడుతుంది. పట్టు వదిలినా దవడలు తెరుచుకోకపోవడమో, సరిగ్గా పాము ఉన్నప్పుడే తీగ తెగడమో అప్పుడే. నెలకోసారి విప్పి తుడిచి నూనె వెయ్యాలి. ఇంట్లో ఉందని కొబ్బరినూనె వెయ్యకండి. 24 డిగ్రీల కింద గడ్డకట్టే నూనె అది, తెల్లవారుజామున దవడలు అంటుకుపోతాయి. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు.

బూట్లకు డెల్టాలో ఎప్పుడూ ఉన్న అభ్యంతరం బురద. నాట్ల కాలంలో అడుగేస్తే బూటు చేలోనే ఉండిపోతుంది, రైతులు వేసుకోరంటే అర్థముంది. సార్వా కోతకు చేను ఆరబెడతారు కాబట్టి గమ్‌బూటు హాయిగా వేసుకుని పనిచేయగలిగిన కాలం ఇదొక్కటే. పాదం, మడమ, పిక్క దాకా కప్పే వదులైన పీవీసీ బూటు ఉంటే కాటు చర్మం దాకా రావడం చాలావరకు తప్పుతుంది. బిగుతుగా ఉంటే ఆ లాభం తగ్గుతుంది, ఒక సైజు పెద్దది కొనండి. మడమ దగ్గర మడతలో తెల్లగీతలు పడ్డాయంటే పగులు మొదలైనట్టే. రాత్రి బోర్లా మేకులకు తగిలించాలి, వేసుకునే ముందు దులపాలి. చలిరాత్రి వెచ్చని చీకటి గొట్టం ఖాళీగా ఉంటే కట్లపాము అందులోకి దూరుతుంది. పనలు తిరగేసేటప్పుడూ, భోగికని డిసెంబరు నుంచే పోగేసిన మట్టలూ దుంగలూ కదిపేటప్పుడూ బూటుతో పాటు కొంకికర్రో హుక్కో ఉండాలి. ఆ కుప్పలోకి చెయ్యి పోకూడదు, వెలిగించే ముందు ఒకసారి మొత్తం కదిపి చూడాలి.

టార్చిలో కిట్‌తో వచ్చే తలకు కట్టుకునే రకం మంచు లేని రాత్రి బాగుంటుంది. సంక్రాంతి ముందు పొగమంచులో మాత్రం అది దండగ. కంటి ఎత్తులో వెలుగు మంచు మీద పడి తెల్లగోడలా వెనక్కి కొడుతుంది, కాలి ముందున్నది కనబడదు. చేతి టార్చిని మోకాలి ఎత్తులో, నేలకు వాలుగా పట్టుకోవాలి. 300 ల్యూమెన్లు చాలు, అంతకుమించి మంచులో మేలు కన్నా చెరుపే ఎక్కువ. పామును వెతకడం ఎంత కష్టమో ఫ్లోరిడా వాళ్లు 2013లో చూశారు. కొండచిలువలు ఎండకు బయటపడే జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే నెల రోజుల వేట పోటీ పెడితే దాదాపు 1,600 మంది పేరిచ్చారు, దొరికినవి 68. విడిగా అమ్మే థర్మల్ కెమెరాలకు డబ్బు పొయ్యకండి. పాము ఒళ్లు చుట్టూ ఉన్న నేలంత వేడిగానే ఉంటుంది, తెర మీద తేడా కనబడేది చాలా తక్కువ సందర్భాల్లో.

కిట్‌లో లేనిదీ, చెరువుల దగ్గర తప్పనిసరిదీ కత్తెర. రొయ్యల చెరువుల చుట్టూ కట్టే నైలాన్ వలలో చలికాలం పాములు చిక్కుకుంటూనే ఉంటాయి. చిక్కుకున్నవి రాత్రి బొరియకు చేరలేవు, పగలు ఎండ ముదిరితే నీడకూ పోలేవు. ఆసుపత్రిలో కట్లు కోసే మొద్దుకొన కత్తెర కొనండి. ముందు పారదర్శకంగా ఉన్న సన్న గొట్టాన్ని తల మీదికి తొడిగి, తర్వాత తోక వైపునుంచి ఒక్కొక్క కన్ను కోస్తూ రావాలి. పొలుసుల్లోకి దిగిన దారాన్ని లాగకూడదు, కోసే తియ్యాలి. గొట్టం తొడగడం రానివాళ్లు వల చుట్టూ కోసి, ముక్కతో సహా ఏ పశువైద్యుడి దగ్గరికో పట్టించాలి.

కాటు డబ్బాలో ఉండేవి పీల్చే పంపు, కట్టుకునే పట్టీ, బ్లేడు. మూడూ ప్రమాదమే. పంపు విషాన్ని లాగదు, బిగించిన పట్టీ రక్తప్రసారం ఆపి కాలికే చేటు తెస్తుంది. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కర్రబద్దతో కట్టి, నడిపించకుండా, 108కి ఫోన్ చేసి యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మన దేశపు యాంటీవెనమ్ తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది, పామును చంపి తీసుకెళ్లక్కర్లేదు. చలికి విషం తగ్గదు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. రాత్రి నేల మీద దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం అంటే గ్యాస్ అనుకుని ఆగకూడదు. ఈ డబ్బాకి పెట్టే డబ్బుతో ఒక దోమతెర వస్తుంది. మంచం మీద పడుకుని దాన్ని పరుపు కిందికి దోపుకుంటే కట్లపాముకి దారి ఉండదు.

కిట్‌తో ఉచితమంటూ ఇచ్చే పాములను తరిమే పౌడరు, ఫినాయిల్, కలరా ఉండలు ఏవీ పామును ఆపవు. అల్ట్రాసోనిక్ పరికరం అసలే కాదు, పాముకి వినబడేది మంద్రంగా ఉండే శబ్దం, నేల అదురు మాత్రమే.

కడియం, కడియపులంక నర్సరీల వాళ్లు కూడా ఈ కిట్ గురించి అడుగుతుంటారు. తాచు, జెర్రిపోతు కోసం సరే, కుండీల్లో దొరికే వానపాములాంటి గుడ్డిపాముకి ఇవేవీ అక్కర్లేదు. విషం లేదు, చీమల గుడ్లూ చెదలూ తిని బతుకుతుంది. విశాఖపట్నంలో దొరికిన పాము ఆధారంగా 1803లో శాస్త్రీయ నామం పొందిన ఈ పాము, మొక్కల కుండీల్లో ప్రయాణం చేసి ఫ్లోరిడా, హవాయి దాకా పాతుకుపోయింది. అన్నీ ఆడవే, మగతోడు లేకుండా గుడ్లు పెడతాయి కాబట్టి ఒక్క కుండీలో ఒక్కటి చాలు. బయట మంచు గడ్డకట్టే దేశాల్లో కూడా గ్రీన్‌హౌస్ వెచ్చదనంలో బతికేస్తుంది. చలికాలంలో పైమట్టి చల్లబడితే కుండీ అడుగుకి, కింద పరిచిన షీటు అడుగుకి దిగుతుంది. అందుకే డిసెంబరులో లోడు ఎత్తేటప్పుడు పైన చూసి లాభం లేదు. కుండీని పక్కకు వాల్చి అడుగు కన్నం చూడాలి, అనుమానముంటే మట్టి మునిగేదాకా తొట్టెలో 20 నిమిషాలు ఉంచాలి. ఊపిరాడక పైకి వచ్చినదాన్ని చేట్లోకి తీసి తోటలోనే తడిమట్టిలో వదిలితే సరిపోతుంది.